మన పేరున వాకబు చేసినదెవరు?

సోదరీమణులారా!

బియ్యపు డబ్బా అడుగంటినను, పాలవాని లెక్కలో ఒక పూట ఎక్కువ పడినను గృహిణి కంటబడక మానదు. కాని మన పేరనే వ్రాయబడుచున్న లెక్క యొకటి మన మెన్నడును చూడని చోట దినదినమును పెరుగుచున్నదన్న సంగతి మనలో పెక్కుమంది యెరుగరు. దానిని బ్యాంకులవారు క్రెడిట్ రిపోర్టందురు. వాడుకలో సిబిల్ అందురు. మనము పరపతి పత్రమని చెప్పుకొందము. ఈ మాసము ఆ పత్రమును గూర్చియు, ముఖ్యముగా అందు మన మెరుగకుండ వచ్చి చేరు వాకబులను గూర్చియు ముచ్చటింపదలచితిని. దీనికి కారణము మా వీథిలో జరిగిన యొక సంగతి.

మా యింటికి మూడిండ్ల అవతల ఒక ఇల్లాలు కాపురమున్నది. పాఠశాలలో ఉపాధ్యాయిని. భర్త చిన్న ఉద్యోగి. ఇరువురును పొదుపరులు. వారి పెద్దపిల్లకు ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చినది. ఫీజు నిమిత్తము విద్యాఋణము కోరుచు, పిల్లతోపాటు తల్లియు సంతకము చేసి బ్యాంకునకు దరఖాస్తు పెట్టుకొనిరి. వారము దినములైన పిమ్మట బ్యాంకు అధికారి యామెను పిలిపించి యిట్లనెను: "అమ్మా! మీ బాకీల చెల్లింపులో దోషమేమియు లేదు. కాని గడచిన రెండు మాసములలో మూడు సంస్థలు మీ పేరున వాకబు చేసినవి. మీ రింకెక్కడెక్కడ అప్పు నడిగితిరో మాకు తెలియవలెను."

ఆమె ఆ సాయంకాలము దీపములు పెట్టు వేళకు మా యింటికి వచ్చినది. చేతిలో కాగితము వణకుచున్నది. "వదినగారూ! నే నెవ్వరి యెదుటను చేయి చాచలేదు. పిల్ల యెదుట, ఆయన యెదుట నన్ను అప్పులమ్మను చేసినారు. ఫీజునకు గడువు పదిదినములే యున్నది. ఇప్పుడేమి చేయుదును?" అని కన్నీరు పెట్టుకొన్నది.

"ముందు కూర్చుండుము. ఏడ్చుటకు ముందు చదువవలెను" అంటిని. ఇరువురమును ఆ కాగితమును ముందు పెట్టుకొని చదివితిమి. ఆ రాత్రి మేము తెలిసికొన్నదియు, పిమ్మట విచారించి తెలిసికొన్నదియు మీకు చెప్పుచున్నాను.

పూర్వము గ్రామములో నొకనికి అప్పు కావలసివచ్చిన, షావుకారు వాని తండ్రిని, వాని పొలమును, వాని మాటను ఎరిగియుండెడివాడు. 1904లో చట్టము వచ్చిన తరువాత ఏర్పడిన సహకార పరపతి సంఘములలో సభ్యులొకరి నొకరెరిగియే యుండిరి. నేటి బ్యాంకు మనల నెరుగదు. అందుచే మన అప్పుల చరిత్రను భద్రపరచి, అడిగిన బ్యాంకునకు తెలియజేయుటకు వేరు కంపెనీలు వెలసినవి. మన దేశమున మొదటిదైన సిబిల్ 2000 సంవత్సరమున స్థాపింపబడినది. ప్రస్తుతము ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు కంపెనీలు రిజర్వు బ్యాంకు అనుమతితో ఈ పని చేయుచున్నవి. వీనికి ఆధారము 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టము. ఆ చట్టము ప్రకారము మన పత్రమును ఎవరు పడిన వారు తెరచి చూడరాదు. అధికారము లేనివారు చూచిన జుల్మానా కలదు.

పత్రములో మొదట మన పేరు, పుట్టిన తేది, పాన్ సంఖ్య, చిరునామాలు, ఫోను సంఖ్యలు ఉండును. 300 మొదలు 900 వరకు గల యొక అంకె, అనగా స్కోరు, ఉండును. పిదప మన ఖాతాలు, అనగా మనము తీసికొన్న అప్పులు, క్రెడిట్ కార్డులు, ఏ నెల వాయిదా ఏనాడు కట్టితిమో ఆ వివరములు. చివర వాకబుల పట్టిక. అందు ప్రతి పంక్తిలోను నాలుగు సంగతులు కానవచ్చును: అడిగిన సంస్థ పేరు, అడిగిన తేది, ఏ విధమైన అప్పు నిమిత్తము, ఎంత మొత్తమునకు.

ఇక్కడ రెండు సంగతులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. మొదటిది, వాకబు అనగా అప్పు కాదు. మన పేరున ఎవరో అప్పు కోరగా, ఇచ్చువారు మన చరిత్రను తెరచి చూచిరనుటకు గురుతు మాత్రమే. నిజముగా అప్పు పుట్టినదో లేదో ఖాతాల పట్టికలో చూడవలెను. రెండవది, మన పత్రమును మనము చూచుకొనుటవలన స్కోరు తగ్గదు. "చూచిన తగ్గునట" యని భయపడి యేండ్ల తరబడి చూడనివారున్నారు. అది వట్టి అపోహ. అప్పు నిమిత్తము సంస్థలు చేయు వాకబులే లెక్కకు వచ్చును. అవి ఒకటి రెండైన పెద్ద హాని లేదు. కొద్ది దినములలో పెక్కు చేరిన, ఒక్కనాడే నాలుగు గుమ్మములెక్కి చేబదులడిగినవారిని చూచినట్లు, ఇచ్చువారు సందేహింతురు.

ఇక మా యిల్లాలి కాగితములోని మూడు పంక్తులు.

మొదటి పంక్తి ఒక బ్యాంకుది. క్రెడిట్ కార్డు నిమిత్తము. తేది చూడగా ఆదివారము. ఆమె కొంతసేపు ఆలోచించి నొసలు కొట్టుకొన్నది. ఆనాడు బజారులో పెద్ద దుకాణమునకు పోగా, వాకిట బల్ల వేసికొని కూర్చున్న కుర్రవాడు "ఉచితముగా కార్డు, దానితో ఒక సంచి బహుమానము" అని చెప్పి పాన్ సంఖ్య వ్రాసికొని సంతకము చేయించుకొన్నాడట. ఆమెకు అది బహుమానపు చీటి. బ్యాంకునకు అది అప్పు దరఖాస్తు. ఇది పొరపాటు కాదు, మోసము కాదు. మనము చదువక చేసిన సంతకము.

రెండవ పంక్తిలో ఎన్నడును వినని యొక ఫైనాన్సు కంపెనీ పేరున్నది. గృహోపకరణముల నిమిత్తము, ముప్పదిరెండు వేల రూపాయలకు. మొత్తము చూడగానే సంగతి తట్టినది. ఫ్రిజ్ కొనబోయినప్పుడు దుకాణదారు "వాయిదాల మీద ఇప్పింతును, అర్హత ఉన్నదేమో చూతము" అని వివరములు తీసికొన్నాడు. తరువాత వారు రొక్కమే యిచ్చి కొన్నారు. వాయిదాలిచ్చునది దుకాణము కాదు. దాని వెనుకనున్న కంపెనీ. కావున పత్రములో దుకాణము పేరు గాక కంపెనీ పేరు పడినది. ఫోనులోని అప్పుల యాప్‌ల సంగతియు నిట్టిదే. యాప్ పేరొకటి, సొమ్మిచ్చు సంస్థ పేరొకటి. కావున తెలియని పేరు కానవచ్చినంతనే దొంగతనమని కేకలు వేయరాదు. తేదిని, మొత్తమును పట్టుకొని ఆనాడు మన మెక్కడ నుంటిమో, ఏమి కొంటిమో జ్ఞాపకము చేసికొనవలెను. మన జమాఖర్చుల పుస్తకము ఇందుకు మంచి సాక్షి.

మూడవ పంక్తి చదివి యిరువురమును మాటలేక కూర్చుంటిమి. వ్యక్తిగత ఋణము, మూడు లక్షల రూపాయలు. ఆ తేదిని ఆమె పుట్టినింట పినతల్లి మాసికమునకై పోయియున్నది. బజారు లేదు, దుకాణము లేదు. ఎంత ఆలోచించినను తోచలేదు. కొంతసేపటికి తనలో తాననుకొన్నట్లు, "ఆనాడు తమ్ముడు నా ఫోను అడిగెను" అన్నది.

ఆమె తమ్మునికి చిన్న దుకాణము కలదు. ఏడాది క్రిందట అక్కకు బ్యాంకు పని యేదో చేసిపెట్టుటకై ఆమె ఆధారు, పాన్ కార్డుల ఛాయాచిత్రములు తన ఫోనులో నుంచుకొన్నాడు. ఆనాడు "అక్కా! నీ ఫోనునకు ఆరంకెలు వచ్చినవి, చెప్పుము" అనగా వంటింటినుండియే చదివి చెప్పినది. ఓటీపీ యనబడు ఆ యంకెలు మన సంతకముతో సమానమని ఆమె యెరుగదు.

మరునాడు తమ్మునికి ఫోను చేసినది. నేను ప్రక్కనే యుంటిని. వాడు మొదట కాదనెను, పిదప ఏడ్చెను. దుకాణము మూతబడు స్థితికి వచ్చినదట. తన స్కోరు బాగుండక అక్క పేరున ప్రయత్నించెనట. ఆ సంస్థ నిరాకరించినందున చెప్పకుండ ఊరకుండెనట. ఆమె ఒక్క మాటయే అన్నది: "అడిగియుండిన చేతి గాజులు తీసి యిచ్చియుందునురా! గాజులు పోయిన మరల చేయించుకొందును. నీవు నా పేరు తీసికొనిపోయితివి."

సోదరీమణులారా! ఈ మాట మీకు వినిపించుటకే యిదంతయు వ్రాసితిని. ఆ సంస్థ సరే యని యుండిన, మూడు లక్షల అప్పు ఆమె నెత్తిన పడియుండెడిది. వాడు వాయిదా తప్పిన ప్రతి నెల ఆమె పత్రమున మచ్చ పడియుండెడిది. కూతురి చదువునకు ద్వారము మూసికొనిపోయెడిది.

పిమ్మట మేము చేసిన పని యిది. ఖాతాల పట్టికను జాగ్రత్తగా చూచి, ఆ పేర అప్పు పుట్టలేదని నిశ్చయించుకొంటిమి. మూడవ సంస్థకు, ఆ దరఖాస్తు తన యిష్టముతో జరిగినది కాదనియు, దానిని మూసివేసి తన కాగితములను మరల నుపయోగింపరాదనియు వ్రాసి జవాబు తెప్పించుకొన్నది. బ్యాంకు అధికారికి మూడు వాకబులకును కారణములు దాపరికము లేక వ్రాసి యిచ్చినది. "తమ్ముని పేరు వ్రాయవలెనా?" యని ఆమె ఒక రాత్రి యెల్ల తల్లడిల్లినది. తుదకు వ్రాసినది. నిజము దాచి, ఎవరో తెలియని మోసగాడని వ్రాసిన, రేపు విచారణ జరిగినప్పుడు తన మాటయే తప్పగును గదా! ఋణము మంజూరైనది, గాని ఆలస్యమైనది. మొదటి ఫీజు గడువునకు ఆమె గాజులు కుదువబెట్టియే కట్టవలసివచ్చెను.

మీలో నెవరికైన ఇట్టి వాకబు కానవచ్చి, దాని వెనుక నెవరున్నారో తెలియకపోయిన చేయవలసిన పనులు చెప్పెదను.

ముందు నాలుగు కంపెనీలనుండియు పత్రములు తెప్పించుకొనవలెను. ఏలయన, అప్పిచ్చు సంస్థ ఏ కంపెనీని అడిగెనో ఆ కంపెనీ పత్రములోనే ఆ వాకబు పడును. ఒకటి చూచి ఊరకున్న చాలదు. ప్రతి కంపెనీయు సంవత్సరమున కొకసారి పూర్తి పత్రమును ఉచితముగా ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు నియమించినది. ఇది 2017 నుండి అమలులో నున్నది. ఆ కంపెనీల స్వంత వెబ్‌సైట్లలోనే తీసికొనవలెను. ఇతరుల యాప్‌లలో "ఉచితము" అని చూచునప్పుడు, మన వివరములను అప్పులవారి కిచ్చుటకు సమ్మతింపజేయు గడి యేదైన అందున్నదేమో చదివి మరీ నొక్కవలెను.

రెండవది, వాకబు చేసిన సంస్థకు వ్రాతమూలముగా నడుగవలెను: ఏ దరఖాస్తు మీద చూచితిరి, ఏ కాగితములు, ఏ ఫోను సంఖ్య యిచ్చిరి, అని. పేరుల సామ్యము చేతనో, పాన్ సంఖ్యలో ఒక అక్షరము తప్పిపోవుట చేతనో ఇంకొకరి దరఖాస్తు మన పత్రమున పడుటయు కలదు.

మూడవది, పరపతి కంపెనీకి అభ్యంతరము తెలుపవలెను. దీనికి రుసుము లేదు. కంపెనీ తనంత తాను పంక్తిని కొట్టివేయదు. సంస్థ నడిగి, అది తప్పని యొప్పుకొన్న పిమ్మట సవరించును. మొత్తము 30 దినములలో తేల్చవలెను. అట్లు తేల్చనియెడల ఆపైన గడచిన ప్రతి దినమునకు 100 రూపాయల చొప్పున మనకు పరిహార మీయవలెనని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించినది. 2024 ఏప్రిలు నుండి ఇది అమలైనది. నెల గడచినను జవాబు రాకున్నను, వచ్చినది సరిగా లేకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును. దానికిని ఖర్చు లేదు.

నాలుగవది, మోసము జరిగినదని తోచిన ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేసి, పోలీసులకు ఫిర్యాదు వ్రాసి యిచ్చి, దాని నకలును దగ్గర నుంచుకొనవలెను. కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో మన పేరున ఎన్ని ఫోను కనెక్షన్లున్నవో చూచుకొనవచ్చును. మన మెరుగని కనెక్షను కానవచ్చిన అక్కడనే తెలియజేయవలెను. "సొమ్మిచ్చిన మీ వాకబులన్నియు తుడిచివేయుదుము" అని చెప్పువారిని మాత్రము గుమ్మము తొక్కనీయరాదు. సత్యమైన వాకబును ఎవ్వరును తుడువలేరు. తప్పైన దానిని తుడుచుటకు సొమ్మక్కరలేదు.

రోగము వచ్చిన పిదప ఔషధమున కంటె పథ్యము మేలు గదా! ఆ పథ్యమును కూడ చెప్పుదును.

మన పత్రమును ఏ సంస్థయైన తెరచినప్పుడు ఫోనునకుగాని ఈమెయిలునకుగాని సందేశము పంపవలెనని పై యుత్తరువులోనే కలదు. కాని అది ఏ ఫోనునకు వచ్చును? మన యిండ్లలో ఇల్లాలి బ్యాంకు ఖాతాకు భర్త సంఖ్యయో, కొడుకు సంఖ్యయో వ్రాయించియుండుట వాడుక. అప్పుడు ఆ సందేశము ఆమెకు రాదు. కావున ఖాతాలో మీ సంఖ్యయే యున్నదేమో ఈ వారమే బ్యాంకునకు పోయి చూచుకొనుడు. ఇది భర్తమీద అపనమ్మకము కాదు. ఎవరి పేర వ్రాసిన లెక్క వారికి తెలియుట న్యాయము.

ఆధారు నకలు ఇయ్యవలసిన చోట, మొదటి ఎనిమిది అంకెలు కప్పి చివరి నాలుగే కనబడు నకలును ఆధారు సంస్థయే యిచ్చుచున్నది; అది చాలిన చోట అదియే యిచ్చుడు. జిరాక్సు కాగితముమీద ఏ పని నిమిత్తమిచ్చితిరో, ఏనాడిచ్చితిరో అడ్డముగా వ్రాసి సంతకము చేయుడు. ఆరంకెలు ఎవ్వ రడిగినను, అల్లుడైనను తమ్ముడైనను, అది దేని నిమిత్తమో ఆ సందేశమును పూర్తిగా చదువక చెప్పకుడు.

హామీ సంతకమును గూర్చియు ఒక మాట. బంధువుల అప్పునకు హామీగా సంతకము చేసినను మన పేరున వాకబు జరుగును. ఆ అప్పు మన పత్రమునకును ఎక్కును. డ్వాక్రా సంఘములలోని సోదరీమణులు ఇంకొకటి గమనింపవలెను. సంఘమున కిచ్చిన అప్పులలో సభ్యురాండ్ర వివరములను కూడ పరపతి కంపెనీలకు పంపవలెనని రిజర్వు బ్యాంకు 2016లో ఆదేశించినది. కావున సంఘపు తీర్మానమున సంతకము చేయునప్పుడు మీ పేర ఎంత మొత్తము వ్రాసిరో చూచి మరీ చేయుడు.

మా పొరుగింటి పిల్ల కళాశాలలో చేరినది. గాజులింకను విడిపింపలేదు. తమ్ముడు నెలనెలా కొంత తెచ్చి యిచ్చుచున్నాడు. మొన్న వచ్చినప్పుడు అక్క వానికి అన్నము పెట్టినది. భోజనమైన పిదప వాని ఫోను తీసికొని తన కార్డుల చిత్రములను తన చేతులతోనే తీసివేసినది. వాడును మారుమాటాడలేదు. ప్రేమ ప్రేమయే, లెక్క లెక్కయే. రెండును ఒకే యింట నుండవచ్చునని ఆమెను చూచి నేను నేర్చుకొంటిని.

ఈ మాసము ముగియులోగా మీ మీ పత్రములను తెప్పించుకొని, చివరి పట్టికను ఒక్కసారి చదువుడు. అన్నియు మీరెరిగినవే యైన నిశ్చింతగా మడచి పెట్టెలో నుంచుడు. ఎరుగని పేరున్న భయపడకుడు, సిగ్గుపడకుడు. ఎవరు, ఎప్పుడు, ఎందులకు అని అడుగుడు. అడుగు హక్కు మీది. ఏలయన, అక్కడ వ్రాసియున్న పేరు మీది.